వెనక చక్రం

మా మాదిగపల్లె మొగదల, డొంక పోయి రోడ్డెక్కే చోట, వేపచెట్టు కింద మా పెదనాన్న సైకిలు షాపు వుండేది. షాపంటే గోడలూ తలుపులూ వున్నది కాదు. నాలుగు సరుగుడు బాదులు పాతి పైన తాటాకు కప్పిన పందిరి. ఒక గాలిపంపు. కొమ్మకి వేలాడే పాత టైర్లు. పానాలూ సుత్తీ ఆకురాయీ పరుచుకునే గోనెపట్టా. ట్యూబు ముంచి చూడటానికి సగానికి కోసిన డ్రమ్ములో నీళ్ళు. గంటకి పావలా చొప్పున అద్దెకిచ్చే అయిదు సైకిళ్ళు. మా పల్లెలో సొంత వ్యాపారమంటూ వున్నది అదొక్కటే.

మా తాతది తోలుపని. మోటబావులకి తోలు తొండాలు కుట్టేవాడు. ఎడ్లకి మెడపట్టెడలు, చెర్నాకోలలు, ఊరందరికీ చెప్పులు. ఏడాదికోసారి కల్లం మీద గింజలు కొలిచేవాళ్ళు. వాళ్ళు కొలిచినన్నే. ఇంకో మానెడు పొయ్యమని అడిగే నోరు మాకు లేదు. తర్వాత ఆయిలింజన్లు వొచ్చి మోటలు ఆగిపోయాయి. టైరు చెప్పులు, ఆ తర్వాత రబ్బరు చెప్పులు వొచ్చి తోలు చెప్పులు పోయాయి. మా నాయన పొలం కూలికి పోయాడు. మా పెదనాన్న మాత్రం పద్నాలుగేళ్ళప్పుడు పట్నం పారిపోయి ఒక సాయిబు గారి సైకిలు షాపులో చేరాడు.

"ఆయన నా కులం అడగలేదురా. చేతులు చూపించమన్నాడు. ఆరె, రంపె పట్టిన కాయలున్నయ్యి నా చేతులకి. తోలు కుట్టినోడివి, ట్యూబు అతకలేవా, కూకో అన్నాడు" అని చెప్పేవాడు. ఆరేళ్ళు అక్కడే తిని అక్కడే పడుకుని పని నేర్చుకున్నాడు. తిరిగొచ్చేటప్పుడు సాయిబు గారు ఒక పంపూ, పుల్లలు బిగించే చిన్న పానా ఇచ్చి పంపాడంట. మా పల్లెకి ఎవరైనా వొట్టి చేతులతో కాకుండా పనిముట్లతో తిరిగిరావటం అదే మొదలు.

సైకిలు పనికి కులం రాసిపెట్టి లేదు. క్షవరం మంగలికి, బట్టలు చాకలికి, చచ్చిన గొడ్డు మాకు అని రాసినోళ్ళకి ముందుముందు సైకిలొకటి వొస్తదని తెలవదు గదా. ఆ సందులోంచి మా పెదనాన్న బయటపడ్డాడు.

ఊళ్ళోవాళ్ళకి ఆ పందిరి కిందికి రాక తప్పేది కాదు. తొమ్మిది మైళ్ళ దాకా ఇంకో షాపు లేదు. మా పెదనాన్న ముట్టుకున్న చెంబులో నీళ్ళు తాగని ఆసాముల ట్యూబులు ఆయన తొట్టి నీళ్ళల్లోనే మునిగేవి. వాల్ట్యూబు ఎక్కాలంటే తడి చెయ్యాలి. దాన్ని నోట్లో పెట్టుకుని ఉమ్మితో తడిపి ఎక్కించేవాడు. ఆ ఉమ్మి తడితో ఎక్కినదే వాళ్ళ చక్రంలో గాలిని ఆపేది. దానికి మైల లేదు. డబ్బులిచ్చేటప్పుడు మాత్రం మైల గుర్తొచ్చేది. పావలా, అర్ధా గోనెపట్టా మీదికి విసిరేవాళ్ళు. దొర్లి మట్టిలో పడితే ఏరుకోవాలి. చాలామంది అదీ ఇచ్చేవాళ్ళు కాదు. "కల్లానికి రారా" అనేవాళ్ళు. తండ్రి కుట్టిన చెప్పులకి గింజలే, కొడుకు వేసిన పంక్చర్లకీ గింజలే.

బడి అయ్యాక నేను అక్కడే కూర్చునేవాణ్ణి. "ముందు చక్రం దారి చూపిద్ది, వెనక చక్రం బరువు మోసుద్ది" అన్నది నాకు మొదటి పాఠం. లెక్కపెట్టమన్నాడు. ముందు చక్రానికి 32 పుల్లలు, వెనక చక్రానికి 40. మన 28 అంగుళాల పెద్ద సైకిళ్ళకి అదే లెక్క. బియ్యం బస్తా, గడ్డిమోపు, పాలక్యాన్లు, పెళ్ళాం పిల్లలు, అన్నీ వెనక క్యారేజీ మీదే. తొక్కే మనిషి బరువులో ఎక్కువ భాగం దాని మీదే. చైను లాగేదీ దాన్నే. అందుకని దానికి ఎనిమిది పుల్లలు ఎక్కువ. అటు ఇరవై, ఇటు ఇరవై. కుడిపక్క ఫ్రీవీలుకి చోటివ్వాలి గనక ఆ పక్క పుల్లలు కొంచెం నిటారుగా నిలబడతాయి, ఎక్కువ బిగువు మీద వుంటాయి. పుల్ల తెగితే సాధారణంగా హబ్బు చిల్లి దగ్గర, వంపు తిరిగిన చోట తెగుద్ది. ఎడమపక్కది తెగితే పది నిమిషాల పని. ఫ్రీవీలు పక్కది తెగితే ఫ్రీవీలు విప్పందే కొత్తది ఎక్కదు.

వంకరపోయిన చక్రాన్ని సరిచెయ్యటాన్ని బెండు తియ్యటం అంటారు. ఊళ్ళోవాళ్ళ నోట్లో ఆ మాటకి ఇంకో అర్థం వుంది. "ఈ మాదిగ నాయాళ్ళకి బెండు తియ్యాలిరా" అంటే కొట్టి దారికి తేవాలని. మాట ఒకటే. మా పెదనాన్న చేతిలో ఒక పని, వాళ్ళ చేతిలో ఇంకో పని.

మా రోడ్డు పట్నం పోయే ముందు ఊరి పెద్దవీధిలోంచి పోతుంది. ఆ వీధిలో మావాళ్ళెవరూ సైకిలెక్కి పోగూడదు. మొదటి అరుగు దగ్గర దిగాలి, చివరి అరుగు దాటాక ఎక్కాలి. చెప్పులుంటే విప్పి హ్యాండిలుకి తగిలించుకోవాలి. ఇది ఏ కాగితం మీదా రాసి లేదు. పంచాయితీ వాళ్ళు సైకిలుకి పన్ను కట్టించుకుని బిళ్ళ ఇచ్చేవాళ్ళు. పన్ను మా సైకిలుకీ అంతే, వాళ్ళ సైకిలుకీ అంతే. బిళ్ళ మీద కులం లేదు. వీధిలో వుంది.

1983 జనవరి ఎన్నికల్లో సైకిలు గుర్తు మీద పోటీ చేసి తెలుగుదేశం గెలిచింది. ఎన్.టి. రామారావు ముఖ్యమంత్రి అయ్యాడు. ఆ ఎన్నికలప్పుడు మా పల్లె గోడలకి కూడా సున్నం కొట్టి సైకిళ్ళు గీశారు. గోడ మీది సైకిలు మా పల్లెలోకి దర్జాగా వొచ్చింది. మా సైకిలు మాత్రం వాళ్ళ వీధిలో దిగి నడిచింది. మా పెదనాన్న ఆ బొమ్మలు చూసి, "వెనక చక్రానికి పుల్లలు సరిగా గియ్యలేదురా ఈడెవడో" అని నవ్వేవాడు.

నేను చదివిన హైస్కూలు పట్నంలో. పెదనాన్న అద్దె సైకిళ్ళల్లో ఒకటి నాకిచ్చాడు. రెండేళ్ళు ఆ వీధిలో దిగి నడిచాను, పొద్దున్నొకసారి, సాయంత్రమొకసారి. 1984 మార్చిలో పదో తరగతి పబ్లిక్ పరీక్షలు. మూడు రోజుల ముందు హాలుటిక్కెట్టు తీసుకుని వొస్తున్నాను. ఆ రోజు దిగలేదు. మరిచిపోయి కాదు, ఎవరూ లేరనుకుని కాదు. జేబులో కాగితం మీద నా పేరూ, నా నెంబరూ, కింద గవర్నమెంటు ముద్రా వున్నాయి. దిగబుద్ధి కాలేదు.

వీధి మధ్యలో ఒక ఆసామి కొడుకూ, ఇంకిద్దరూ అడ్డం నిలబడ్డారు. చొక్కా పట్టుకుని లాగారు. నా వొంటి మీద పడ్డ దెబ్బల సంగతి రాయను. అవి మానినయ్యి. సైకిల్ని అరుగుకి ఆనించి ముందు చక్రాన్ని తన్నారు. హ్యాండిలు తిరిగి అది పక్కకి తప్పుకుంది. వెనక చక్రానికి తప్పుకునే వీల్లేదు, ఫ్రేములో బిగించి వుంటది. ఇద్దరు అరుగెక్కి దాని మీదికి దూకారు. పుల్లలు ఒక్కొక్కటే ఠప్పు ఠప్పుమని తెగాయి. "ఇప్పుడెక్కి పోరా" అన్నారు. అరుగుల మీద పెద్దమనుషులు చూస్తా కూర్చున్నారు. ఒక్కరూ లేవలేదు. వెనక చక్రాన్ని చేత్తో పైకెత్తి ముందు చక్రం మీద తోసుకుంటా పల్లెకొచ్చాను.

మా అమ్మ నన్ను చూసి గుండెలు బాదుకుంది. మా నాయన గడపలో కూలబడ్డాడు. "పొద్దున్నే పొయ్యి దొర కాళ్ళ మీద పడొద్దామన్నా. లేకపోతే మిరప కోతలకి పిలవరు" అన్నాడు పెదనాన్నతో.

పెదనాన్న చక్రం వంకే చూస్తన్నాడు. "కాళ్ళ మీద పడితే చక్రం తిరుగుద్దంటరా?" అని, మా అమ్మ వైపు తిరిగి "లాంతరు పట్టుకురా అమ్మాయ్" అన్నాడు.

ఇంకో సైకిలు మీద పోతాలే అన్నాను నేను. "ఇంకోటిస్తే ఆళ్ళు ఇరగ్గొట్టింది ఇరగ్గొట్టినట్టే వుంటది. నువ్వు దీని మీదే పోవాల" అన్నాడు.

కొత్త రిమ్ముకి డబ్బుల్లేవు. వున్నదాన్నే బాగుచెయ్యాలి. ఇరుసు నట్లు విప్పి, చైను తప్పించి చక్రం ఊడదీశాడు. టైరూ ట్యూబూ తీసేశాడు. రిమ్ము వేయించిన అప్పడం లాగా రెండు పక్కలకీ మెలి తిరిగి వుంది. తెగిన పుల్లలు తొమ్మిది. అందులో నాలుగు ఫ్రీవీలు పక్కవి. ఫ్రీవీలుకి గాడి వుంటది. అందులో ఉలి ఆనించి, ఎడమకి తిరిగేట్టు సుత్తితో కొట్టాలి. ఏళ్ళ తరబడి తొక్కిన తొక్కుడంతా దాన్ని బిగిస్తానే వుంటది గనక ఒక పట్టాన కదలదు. కిరసనాయిలు వేసి, కాసేపాగి, మళ్ళీ కొట్టాడు. చివరికి కిర్రుమని వొదిలింది.

తర్వాత మిగిలిన పుల్లల నిప్పిళ్ళన్నీ వొదులు చేశాడు. "బిగువు మీదున్న రిమ్ము మాట వినదు. ముందు అన్నిట్నీ వొదిలిపెట్టాల" అన్నాడు. రిమ్ముని నేల మీద పరిచి, పైకి లేచిన రెండు చోట్లా పాదాలు పెట్టి, బరువంతా వేసి నెమ్మదిగా నొక్కాడు. సాయంత్రం విన్న చప్పుడు గుర్తొచ్చి నాకు ఒళ్ళు జలదరించింది. అదీ తొక్కుడే, ఇదీ తొక్కుడే. ఆయన తొక్కినప్పుడల్లా అది గుండ్రానికి వొస్తా వుంది. తిప్పి మళ్ళీ నొక్కి, సరుగుడు బాదుకి ఆనించి మోకాలితో వొత్తి, ఒంటి కన్ను మూసి చూసి, "చాల్లే, మిగతాది పుల్లలు చూసుకుంటయ్యి" అన్నాడు.

పాత పుల్లల డబ్బా తీశాడు. పాడైపోయిన చక్రాల్లోంచి ఏరి దాచినవి. ఆయన దేన్నీ పారేసేవాడు కాదు. పొడుగు సరిపోయేవి తొమ్మిది నాతో ఏరించాడు. ఒక్కొక్కదాన్నీ హబ్బు చిల్లిలో దూర్చి, పక్క పుల్లలకి పైనా కిందా అల్లుకుంటా తీసుకుపోయి రిమ్ములో నిప్పిలు పట్టించాడు. మా తాత తోలు పలుపు అల్లేటప్పుడు వేళ్ళు ఎట్లా నడిచేవో అట్లాగే నడిచాయి. మా నాయన అప్పటిదాకా గడపలోనే వున్నాడు. ఆ వేళ్ళు చూసి లేచొచ్చి, మాట్లాడకుండా చక్రానికి అటు పక్క కూర్చుని రిమ్ము పట్టుకున్నాడు.

అప్పుడు బెండు పని మొదలైంది. ఫ్రీవీలు ఎక్కించి, సైకిల్ని తల్లకిందులు చేసి నిలబెట్టి, వొట్టి చక్రాన్ని ఫ్రేములో పెట్టాడు. ఫ్రేము కడ్డీకి చెయ్యానించి, సుద్దముక్కని రిమ్ముకి తగిలీ తగలనట్టు పట్టి తిప్పాడు. బయటికి తోసుకొచ్చిన చోటల్లా తెల్లగీత పడింది.

"గీత కుడిపక్క పడింది గదా. తప్పు కుడిపక్క పుల్లది కాదు. ఎడమపక్కది వొదులై లాగటం మానేసింది. అందుకని రిమ్ము ఇటొచ్చింది. వొంకర కనపడే చోట తప్పుండదురా. దాని ఎదరపక్క చూడాల. అది బిగించు, ఇది రవ్వంత వొదులు. పావు చుట్టు. అంతకంటే తిప్పితే ఇంకో చోట లేసుద్ది."

పావు చుట్టు బిగించటం, తిప్పి చూడటం, మళ్ళీ సుద్ద. నలభై పుల్లలూ ఒకదాన్నొకటి కనిపెట్టుకుని వుంటాయి. ఒకదాన్ని ముట్టుకుంటే చుట్టుపక్కల వాటికన్నిటికీ తెలుస్తది. పక్కలకి ఊగటం తగ్గాక ఎగుడుదిగుడు చూడాలి. రిమ్ము పైకి లేచిన చోట రెండు పక్కలా బిగించాలి, లోపలికి దిగిన చోట రెండు పక్కలా వొదలాలి. మధ్యమధ్య పుల్లల్ని వేలితో మీటి వినేవాడు. బిగువుగా వున్నది టింగుమంటది. వొదులుగా వున్నది దబ్బుమంటది. డప్పు కాచి శ్రుతి చూసిన చెవి మా పెదనాన్నది. ఆ చెవి ముందు ఏ పుల్లా అబద్ధం చెప్పలేదు. ఆ తర్వాత రెండేసి పుల్లల్ని కలిపి పిడికిట్లో గట్టిగా నొక్కి, అవి సర్దుకున్నాక మళ్ళీ మొదట్నించీ చూశాడు.

రిమ్ములోకి పొడుచుకొచ్చిన పుల్లల మొనల్ని ఆకురాయితో అరగదీశాడు. లేకపోతే ట్యూబుని పొడుస్తయ్యి. మా అమ్మ పాతచీర అంచు చించి ఇస్తే దాన్ని రిమ్ము చుట్టూ వేశాడు. ట్యూబూ టైరూ ఎక్కించి గాలి కొట్టేసరికి కోడి కూసింది. చక్రం పూర్తిగా సరికాలేదు. ఒకచోట బియ్యపుగింజంత ఊగేది. "ఇంతకంటే లాగితే తెగుతయ్యి. ఈ ఊగుడుతో నీ పరీక్షలు అవుతయ్యిలే" అన్నాడు.

పరీక్ష రోజు పొద్దున్నే పందిరి దగ్గరికి పొయ్యేసరికి మిగతా నాలుగు అద్దె సైకిళ్ళూ బయట పెట్టి వున్నాయి. వాటి దగ్గర మా పల్లె కుర్రాళ్ళు నలుగురు. క్యారేజీల మీద కూర్చోటానికి ఇంకో నలుగురు. "ఈడొక్కడే పోతే ఒక్క పుల్ల మీద బరువు పడ్డట్టు. ఇరుగుద్ది" అన్నాడు పెదనాన్న. అద్దె అడగలేదు. పెద్దవీధి మొదట్లో ఎవరం దిగలేదు. బెల్లులు కొట్టలేదు, కేకలు వేయలేదు. అయిదు సైకిళ్ళు ఒకదాని వెనక ఒకటి పోయాయి. అరుగుల మీద వాళ్ళు లేచి నిలబడ్డారు. ఆ లేవటం మర్యాద కోసం కాదని మాకు తెలుసు. అయినా రాయి పడలేదు, చెయ్యి లేవలేదు. పరీక్షలైందాకా అట్లాగే పోయాం, అట్లాగే వొచ్చాం. నేను పాసయ్యాను.

ఊరు ఊరకే వుండలేదు. ఆ ఏడు మిరప కోతలకి మా ఇంటివాళ్ళని పిలవలేదు. మా అమ్మ నాలుగు మైళ్ళు నడిచి పక్కూరు కోతలకి పోయేది. సైకిళ్ళు కూడా పట్నంలోనే చేయించుకోవాలని ఊరిపెద్దలు అనుకున్నారు. నెలరోజులు పందిరి కింద పని లేదు. పొయ్యి మీద గంజే. కానీ గాలిపోయిన సైకిల్ని తొమ్మిది మైళ్ళు ఎంతమంది తోస్తారు?

మొదట వొచ్చింది ఆ ఆసామి జీతగాడే. ఆసామి సైకిలు తోసుకుంటా వొచ్చాడు. వెనక చక్రమే. మూడు పుల్లలు తెగి బెండు పోయి వుంది. "చెయ్యొద్దన్నా" అన్నాడు మా నాయన. కాళ్ళ మీద పడదామన్న మా నాయనే. పెదనాన్న చేశాడు. బియ్యపుగింజంత కూడా ఊగకుండా చేశాడు. చేసి, సైకిలు మాత్రం ఇవ్వలేదు. "అయ్యగార్ని వొచ్చి తీసుకోమను. కల్లం గింజలు కుదరవు. డబ్బులు. చేతిలో పెట్టాల" అన్నాడు.

మూడు రోజులు ఆ సైకిలు వేపచెట్టుకి ఆనుకుని వుంది. రాత్రిళ్ళు కుక్క మొరిగితే పల్లెంతా లేచి కూర్చునేది. నాలుగో రోజు సాయంత్రం ఆసామి వొచ్చాడు. అయిదు రూపాయల నోటు తీసి అలవాటు చొప్పున పట్టా మీదికి విసరబోయాడు. పెదనాన్న గ్రీజు చెయ్యి ముందుకి చాపి అట్లాగే వుంచాడు. ఎవరూ మాట్లాడలేదు. చివరికి ఆయన వేళ్ళు తగలకుండా పైనుంచి నోటు జారవిడిచాడు. తగలకుండానే కావొచ్చు, చేతిలోనే పడింది. పెదనాన్న చిల్లర లెక్కపెట్టి ఆయన చేతిలో పెట్టాడు. ఆ రోజు నుంచి పట్టా మీద పడ్డ డబ్బుల్ని ఆయన ఏరలేదు. ఎవడు విసిరితే వాడే వొంగి తీసి చేతికివ్వాల్సొచ్చింది.

మరుసటేడు, 1985 జూలై 17న, కారంచేడులో ఆరుగురు మాదిగల్ని చంపారు. తాగేనీళ్ళ చెరువుని పాడుచెయ్యొద్దన్నందుకు మొదలైన గొడవ అది. బతికినవాళ్ళు చీరాల చేరి శిబిరంలో తలదాచుకున్నారు. ఆ పోరాటంలోంచే దళిత మహాసభ పుట్టింది. మా పల్లె కుర్రాళ్ళు చీరాల పోయింది ఆ అద్దె సైకిళ్ళ మీదే. బయల్దేరే ముందు రాత్రి పెదనాన్న అన్ని వెనక చక్రాలూ మీటి మీటి చూశాడు. పెద్దవీధిలో నా చక్రం మీదికి దూకించింది ఏదో, కారంచేడులో మనుషుల మీదికి గొడ్డళ్ళు ఎత్తించిందీ అదే. అది మాకు ఎవరూ ఉపన్యాసం ఇచ్చి చెప్పాల్సిన అవసరం రాలేదు.

ఉద్యోగంలో చేరాక అంబేద్కర్ రాసిన 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా' చదివాను. 1929లో ఆయన ఖాందేశ్‌లోని చాలీస్‌గావ్ పోయినప్పుడు అంటరానివాణ్ణి ఎక్కించుకుని తోలటానికి టాంగావాలాలు ఒప్పుకోలేదు. మహర్లు టాంగా మాత్రం తెచ్చుకుని, ఎప్పుడూ తోలని తమ మనిషితోనే తోలించారు. వంతెన మీద చక్రం రాయికి తగిలి అంబేద్కర్ ఎగిరి కిందపడ్డాడు. కాలు విరిగింది. లండన్లో బారిస్టరు చదివొచ్చిన మనిషి కాలు. అది చదివిన రోజు నాకు మా పెదనాన్న విలువ ఇంకాస్త తెలిసింది. మనల్ని ఎక్కించుకోరు, మనకి నేర్పరు. మనం నేర్చుకోకపోతే విరిగే ఎముకలు మనవే. 1983లో కాన్షీరాం డీఎస్-4 తరఫున ఉత్తరాదిలో సైకిల్ యాత్ర చేయించాడు. రెండు కాళ్ళూ రెండు చక్రాలూ ఏం చెయ్యగలవో చూపిస్తామన్నారు. చూపించారు కూడా. ఆ దారుల్లో తెగిన పుల్లలు ఎవరు మార్చారో నేను చదివినచోట రాసి లేదు. ఏదో ఒక చెట్టు కింది పెదనాన్నే మార్చి వుంటాడు.

మా పెదనాన్న ఇప్పుడు లేడు. అట్లాసు కంపెనీ చివరి ఫ్యాక్టరీ కూడా 2020 జూన్‌లో మూతపడింది. మా పల్లె కుర్రాళ్ళు పెద్దవీధిలో బైకుల మీద పోతున్నారు, ఎవరూ దిగటం లేదు. ఇంకా కులమెక్కడుందయ్యా అని నాతో ఆఫీసులో అనేవాళ్ళు. గుజరాత్‌లో, రాజస్థాన్‌లో పెళ్ళికొడుకు గుర్రమెక్కి ఊరేగాడని దళితుల్ని కొట్టిన వార్తలు మొన్న మొన్నటివి. సైకిలైతేనేం, గుర్రమైతేనేం. దిగమనే నోరు అదే.

మా బెండు తీస్తామని తరతరాలుగా అంటున్నారు. అన్నవాళ్ళలో ఒక్కడికీ ఒక్క చక్రం బెండు తియ్యటం రాదు. ఆ పని తెలిసినవాళ్ళం గనక చెప్తున్నాం. వంకర మాలో వుందని మా వంకే చూడటం మానండి. ఎదరపక్క పుల్లలు చూడండి.